చివరి ఎపిసోడ్ మీద ఇంత గొడవ ఎందుకు?

క్లుప్తంగా: సిరీస్ ముగింపు చెడగొట్టారనో, పాత సినిమాను మళ్లీ తీసి పాడుచేశారనో అభిమానులు వాదించుకోవడం పెద్ద విడుదలలన్నిటికీ మామూలైపోయింది. ఈ గొడవల్లో చాలావాటి మూలం నిర్మాణపు క్యాలెండర్‌లో దొరుకుతుంది. ముగింపు ఎప్పుడు ఖరారైంది, అక్కడికి చేరడానికి ఎన్ని ఎపిసోడ్లు మిగిలాయి, మధ్యలో ఎవరు తప్పుకున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. ఆ గొడవ బయటికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది మాత్రం రేటింగును ఎవరు, ఎలా లెక్కగడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

2019 మే 19న అమెరికాలో, సింహాసనం కోసం రాజవంశాలు పోరాడే ఫాంటసీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. రీప్లేలు, స్ట్రీమింగ్ కలుపుకుని ఆ ఒక్క రాత్రే 1.93 కోట్ల మంది చూశారు. హెచ్‌బీఓ చానల్‌కు అప్పటికి అదే రికార్డు. ఎనిమిదో సీజన్ మొత్తాన్ని సమర్థులైన రచయితలతో మళ్లీ తీయాలని కోరుతూ ఆన్‌లైన్‌లో పెట్టిన పిటిషన్‌కు ఆ రోజులకే లక్షల సంతకాలు పడ్డాయి. తర్వాత ఆ సంఖ్య 15 లక్షలు దాటింది. నాలుగు నెలల తర్వాత అదే సీజన్‌కు ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఎమ్మీ అవార్డు వచ్చింది.

జనం విరగబడి చూసిన సీజనే జనం చేత తిట్లు తిన్నది, పైగా అవార్డూ అందుకుంది. ఇందులో ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కర్లేదు. ఎమ్మీకి ఓటు వేసేవాళ్లు టీవీ పరిశ్రమలో పనిచేసేవాళ్లు. ఛాయాగ్రహణం, సెట్లు, నటన, యుద్ధ సన్నివేశాల కష్టం వాళ్ల కంటికి ముందు ఆనతాయి. ఎనిమిదేళ్లు పాత్రల వెంట నడిచిన ప్రేక్షకుడు చూసేది వేరు. ఆ పాత్ర అలా ఎందుకు చేసిందో అతనికి నమ్మకం కుదరాలి.

ముందుగా ఒక చిన్న స్పష్టత. ఆగిన చోటి నుంచి కథను ముందుకు తీసుకెళ్తే సీక్వెల్. అదే కథను వేరే భాషలోనో వేరే నటులతోనో తీస్తే రీమేక్. పాత్రల్నీ వాటి లోకాన్నీ ఉంచుకుని, జరిగిన కథను పక్కనపెట్టి మొదటి నుంచి మొదలుపెడితే రీబూట్. రీమేకులు మన ప్రేక్షకులకు దశాబ్దాలుగా అలవాటే కాబట్టి వాటి మీద పెద్దగా రగడ ఉండదు. సీక్వెల్, రీబూట్ మాత్రం మనసులో ఇదివరకే స్థిరపడిపోయిన కథను కదుపుతాయి.

## గమ్యం తెలుసు, దారికే చోటు చాలలేదు

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 2011 ఏప్రిల్‌లో మొదలయ్యేనాటికి జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన మూల నవలలు నాలుగు వచ్చాయి. ఐదోది అదే ఏడాది జులైలో వచ్చింది. ఆరోది కోసం పాఠకులు అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు. ఐదో సీజన్ పూర్తయ్యేసరికి సిరీస్ నవలల్ని దాదాపుగా దాటేసింది. ఆ తర్వాత రచయితలు డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్ చేతిలో మిగిలినవి మార్టిన్ ముందే చెప్పి ఉంచిన కొన్ని ముఖ్యమైన మలుపులు. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు మనుషులు ఎలా చేరారన్నది వాళ్లే కల్పించుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎపిసోడ్లు తగ్గాయి. మొదటి ఆరు సీజన్లకు పదేసి. ఏడో సీజన్‌కు ఏడు. ఎనిమిదో సీజన్‌కు ఆరు. మొత్తం 73. చివరి ఎపిసోడ్ల నిడివి పెంచినా, ఆ పెరిగిన నిమిషాల్లో పెద్ద వాటా యుద్ధాలకే పోయింది. వింటర్‌ఫెల్ కోట దగ్గరి పోరు కోసం 55 రాత్రులు షూటింగ్ చేశారు. ఇంకొన్ని సీజన్లు తీయడానికి చానల్ సిద్ధంగానే ఉంది, ఇక్కడితో ఆపుదామన్నది రచయితలే. 2018 ఫిబ్రవరిలో వాళ్లిద్దరూ 'స్టార్ వార్స్' సినిమాలకు ఒప్పుకున్నారన్న వార్త రావడంతో, కొత్త పని కోసం పాత పనిని తొందరగా చుట్టేశారన్న మాట అభిమానుల్లో బలంగా నాటుకుంది. అయితే 70 గంటల చుట్టుపక్కల కథ ముగించాలన్న ఆలోచన వాళ్లు అంతకు చాలా ముందు నుంచే చెబుతూ వచ్చారు. తొందర కనిపించిన మాట నిజమే. దానికి అభిమానులు అంటగట్టిన కారణానికి మాత్రం ఆధారం బలహీనం.

ఆ తొందర తెర మీద ఎలా కనిపించిందో చూడాలంటే ప్రయాణాలను గమనిస్తే చాలు. మొదటి సీజన్‌లో ఉత్తరాది నుంచి బయల్దేరిన రాజు పరివారం రాజధానికి చేరేసరికి మూడో ఎపిసోడ్ వచ్చేసింది. ఆ దారిలో జరిగిన గొడవలే తర్వాతి కథకు బీజాలు వేశాయి. ఏడో సీజన్‌లో మంచు గోడకు అవతల చిక్కుకున్న వాళ్లలో ఒకడు వెనక్కి పరిగెత్తి కబురు చెప్పడం, ఆ కబురు పక్షి ద్వారా దూరాన ఉన్న డెనేరిస్‌కు, అంటే సింహాసనం కోసం పోరాడుతున్న డ్రాగన్ల రాణికి, చేరడం, ఆమె డ్రాగన్ల మీద వచ్చి కాపాడటం అంతా ఒకే ఎపిసోడ్‌లో అయిపోయింది. దూరానికి విలువ పోగానే ప్రమాదానికీ విలువ పోయింది. చాలామంది ప్రేక్షకుల అనుమానం అక్కడే మొదలైంది. చివరి సీజన్ దాకా ఆగలేదు.

అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చింది ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్. డెనేరిస్ డ్రాగన్ మీద ఎక్కి నగరపు గోడ మీద వాలుతుంది. శత్రుసైన్యం కత్తులు కింద పడేస్తుంది. లొంగిపోయినట్టుగా గంటలు మోగుతాయి. కెమెరా ఆమె ముఖం మీదికి వెళ్తుంది. ఊపిరి బరువెక్కుతుంది, కళ్లు దూరాన ఉన్న కోట మీద నిలుస్తాయి. ఒక్కసారిగా డ్రాగన్ పైకి లేచి నగరాన్ని వీధి వీధీ తగలబెట్టడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఎపిసోడ్ పూర్తయ్యేదాకా ఆమె ముఖాన్ని మళ్లీ దగ్గరగా చూపించరు. కెమెరా కింద వీధుల్లో, ప్రాణభయంతో పరిగెత్తే జనంతోనే ఉండిపోతుంది.

దర్శకత్వపరంగా అది బలమైన నిర్ణయం. యుద్ధాన్ని పై నుంచి కాకుండా బలైపోయేవాళ్ల కళ్లతో చూపించడం ఆ ఎపిసోడ్‌కు గొప్ప శక్తినిచ్చింది. కానీ ఏ క్షణంలో ఆమె మనసు మారిందో తెలుసుకోవాలని ప్రేక్షకుడు తహతహలాడుతున్నప్పుడే ఆ మనిషి కనుమరుగైంది. ఆమెలో క్రూరత్వం ముందు నుంచీ ఉందని సమర్థించేవాళ్లు చూపే ఉదాహరణలు కాదనలేనివి. బానిసల యజమానుల్ని శిలువ వేయించింది, లొంగనన్న తండ్రీకొడుకుల్ని సజీవంగా కాల్చేసింది. అయితే అవన్నీ శత్రువుల మీద జరిగినవి. లొంగిపోయిన నగరంలోని మామూలు జనం మీదికి ఆ కోపం మళ్లడానికి మధ్యలో ఇంకొన్ని మెట్లు కావాలి. అవి రెండు మూడు ఎపిసోడ్ల వ్యవధిలో, ఒక స్నేహితురాలి మరణం, ఒక డ్రాగన్ మరణం, ఒక రహస్యం బయటపడటం అన్న పేర్లతో గబగబా దొర్లిపోయాయి. అభిమానుల ఫిర్యాదుల్లో బాగా నిలబడేది ఇదే. మార్టిన్ నవలల్లోనూ ఆమె కథ ఇదే గమ్యానికి చేరవచ్చు. వందల పేజీల దారి ఉంటే అదే గమ్యం సహజంగా అనిపించవచ్చు కూడా.

## పిల్లలు పెద్దవుతారని ముందే తీసిన ముగింపు

పైదానికి సరిగ్గా తిరగబడిన కేసు 'హౌ ఐ మెట్ యువర్ మదర్'. అక్కడ ముగింపు ఆలస్యంగా కాదు, మరీ ముందుగా ఖరారైంది.

2005లో సీబీఎస్ చానల్‌లో మొదలైన ఈ కామెడీ సిరీస్‌లో టెడ్ అనే తండ్రి 2030లో తన ఇద్దరు పిల్లల్ని సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ల అమ్మను ఎలా కలిశాడో చెబుతుంటాడు. కథ ఎన్నేళ్లు నడిచినా పిల్లల వయసు మారకూడదు. నటులు మాత్రం పెరిగిపోతారు. అందుకని రెండో సీజన్ సమయంలోనే, 2006లో, పిల్లలు కనిపించే ఆఖరి సన్నివేశాన్ని తీసి దాచేశారు. అందులో పిల్లలు తండ్రితో, ఇది అమ్మ కథ కాదు, నీకు నీ పాత స్నేహితురాలు రాబిన్ అంటే ఇష్టమని చెప్పే కథ అంటారు. అమ్మ చనిపోయి ఆరేళ్లయింది, వెళ్లి రాబిన్‌ను కలువు అని ప్రోత్సహిస్తారు.

2006లో అది తెలివైన ముగింపే. చిక్కల్లా, సిరీస్ తొమ్మిది సీజన్లు నడిచింది. ఆ ఏళ్లలో రచయితలు రాబిన్‌ను టెడ్ స్నేహితుడు బార్నీతో జతకట్టారు, ఆ జంట ప్రేక్షకులకు నచ్చింది. టెడ్, రాబిన్ ఒకరికొకరు సరిపడరని పదే పదే చూపించారు. తొమ్మిదో సీజన్ దాదాపు మొత్తం బార్నీ, రాబిన్‌ల పెళ్లి జరిగే ఒక్క వారాంతం చుట్టూనే తిప్పారు. పైగా తల్లి పాత్రలో వచ్చిన క్రిస్టిన్ మిలియోటి అందరి మనసూ దోచుకుంది. 2014 మార్చి 31న వచ్చిన చివరి భాగంలో ఆ పెళ్లి కొన్ని నిమిషాల్లో విడాకులైంది, తల్లి మరణం రెండు మాటల్లో తేలిపోయింది, టెడ్ తొలి ఎపిసోడ్‌లోలాగే నీలం రంగు బాకా పట్టుకుని రాబిన్ కిటికీ కింద నిలబడ్డాడు.

పెరిగిన కథకు పాత ముగింపు పట్టలేదు. తీసి దాచిన రీలు మారదు కాబట్టి, చివరి గంటలో కథనే వంచి ముగింపుకు సరిపెట్టారు. అదే ఏడాది డీవీడీలో వేరే ముగింపు ఇచ్చారు. అందులో తల్లి చనిపోదు, టెడ్‌తోనే ఉంటుంది. కొత్తగా షూటింగ్ చేయకుండా ఉన్న దృశ్యాలతోనే కూర్చిన ఆ ముగింపే నయమని ఇప్పటికీ వాదించేవాళ్లు చాలామంది. తెలివైన మెలిక ఒకటి కోల్పోయినా, తొమ్మిదేళ్ల కథకు అది దగ్గరగా ఉందన్నది వాళ్ల వాదన.

విమానం కూలి ఒక దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ చెప్పే 'లాస్ట్' సిరీస్‌ది మరో తరహా. రహస్యాలు పోగుపడుతూ పోతుంటే, కథను ఎప్పుడు ముగించాలో చానల్ చెప్పక రచయితలు ఇబ్బంది పడ్డారు. చివరికి మిగిలిన 48 ఎపిసోడ్లను మూడు సీజన్లుగా పంచి 2010లో ముగిస్తామని 2007 మేలో ఏబీసీ ప్రకటించింది. అమెరికా నెట్‌వర్క్ టీవీలో ఒక హిట్ సిరీస్‌కు మూడేళ్ల ముందే ముగింపు తేదీ ప్రకటించడం అప్పటికి చాలా అరుదు. అయినా వాదన తప్పలేదు, ఒక విచిత్రమైన కారణం వల్ల అది దారి తప్పింది కూడా. దీవిలో జరిగినదంతా నిజంగా జరిగిందేనని చివరి సన్నివేశంలో జాక్‌కు అతని తండ్రి పాత్ర స్పష్టంగానే చెబుతుంది. ఆ వెంటనే పేర్లు పడుతున్నప్పుడు, వార్తల్లోకి వెళ్లేముందు ప్రేక్షకులకు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఇద్దామని చానల్ మనుషుల్లేని విమాన శిథిలాల దృశ్యాలు వేసింది. అది చూసి విమానం కూలినప్పుడే అందరూ చనిపోయారని లక్షలమంది అర్థం చేసుకున్నారు. ఆ దృశ్యాలు కథలో భాగం కావని చానల్ వివరణ ఇచ్చినా, ఆ అపోహ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

## రీబూట్: పాత జ్ఞాపకానికి కొత్త యజమాని

ముగింపుల గొడవ ఒక కథ లోపల జరుగుతుంది. రీబూట్, సీక్వెల్ గొడవల్లో హక్కులు చేతులు మారడం కూడా కలుస్తుంది.

2012 అక్టోబరులో, 'స్టార్ వార్స్' సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. 2014 ఏప్రిల్‌లో, అంతకుముందు దశాబ్దాల్లో వచ్చిన 'స్టార్ వార్స్' నవలలు, కామిక్స్‌లోని కథలు ఇకపై అధికారిక కథలో భాగం కావని సంస్థ చెప్పింది. కొత్త సినిమాలకు దారి ఖాళీ చేయడానికి అది అవసరమే. కానీ ఇరవై ఏళ్లు ఆ పుస్తకాలు కొని చదివిన పాఠకులకు, తమ జ్ఞాపకాన్ని ఎవరో ఒక ప్రకటనతో రద్దు చేసినట్టయింది. 2015 డిసెంబరులో వచ్చిన తొలి సినిమా మొదలయ్యేముందే ఒక వర్గం ఇలా గాయపడి ఉంది.

ఆ మూడు సినిమాల వరస చూస్తే తర్వాతి రగడ ఆశ్చర్యం కలిగించదు. మొదటిదాన్ని జె.జె. అబ్రామ్స్ తీసి, కథానాయిక రే తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్నను వేలాడదీశారు. రెండోది, 2017లో, రయన్ జాన్సన్ రాసి తీశారు. రే తల్లిదండ్రులు ఎవరూ కాదు, అనామకులు అని తేల్చారు. గొప్పతనం వంశంతో రాదన్నది ఆయన చెప్పదలచుకున్న విషయం. మూడోదానికి అనుకున్న దర్శకుడు కొలిన్ ట్రెవారో 2017 సెప్టెంబరులో తప్పుకున్నారు. కీలక పాత్రధారి క్యారీ ఫిషర్ 2016 డిసెంబరులోనే మరణించారు. అబ్రామ్స్ తిరిగి వచ్చి 2019లో తీసిన మూడో సినిమాలో రే పాత విలన్ పాల్పటీన్ మనవరాలని తేలింది. పునాది ఒకరు తవ్వి, గోడలు ఇంకొకరు కట్టి, పైకప్పుకు మళ్లీ మొదటి మేస్త్రీని పిలిచినట్టుంది వ్యవహారం. అనామకురాలైన కథానాయికను ఇష్టపడ్డవాళ్లు మూడో సినిమాతో, వంశ రహస్యం కోసం ఎదురుచూసినవాళ్లు రెండో సినిమాతో గొడవకు దిగారు. రెండు వర్గాలకూ కారణం ఉంది. మూడు సినిమాలకూ కలిపి ముందే ఖాయం చేసిన కథ లేకపోవడమే ఆ కారణం.

ఇదే చర్చ కొన్నిసార్లు కథను వదిలేసి మనుషుల మీదికి మళ్లుతుంది. 2016లో నలుగురు మహిళలు ప్రధాన పాత్రలుగా వచ్చిన 'గోస్ట్‌బస్టర్స్' రీబూట్ ట్రైలర్‌కు యూట్యూబ్‌లో డిస్‌లైకులు కుప్పలుగా పడ్డాయి, అప్పటికి సినిమాను ఎవరూ చూడనేలేదు. ఆ సినిమా నటి లెస్లీ జోన్స్, ఆ తర్వాత 'స్టార్ వార్స్' నటి కెల్లీ మేరీ ట్రాన్ జాతి వివక్షతో కూడిన దూషణలకు గురయ్యారు. సినిమా బాగోలేదనే హక్కు టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఉంది. ఈ దూషణలకు ఆ హక్కుతో ఏ సంబంధమూ లేదు. పైగా ఇవి న్యాయమైన విమర్శకు కూడా నష్టం చేశాయి. ఆ తర్వాత ఆ సినిమాల స్క్రీన్‌ప్లే మీద ఎవరైనా నిజాయితీగా మాట్లాడినా, అదే గుంపులో కలిపేసి చూడటం మొదలైంది.

## రేటింగు ఎవరిది?

2017 నాటి 'స్టార్ వార్స్' సినిమా విషయంలో మూడు అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. రివ్యూలను పోగేసి శాతం చూపే రాటెన్ టొమాటోస్ సైట్‌లో విమర్శకుల ఆమోదం 90 శాతం పైన. అదే సైట్‌లో ప్రేక్షకుల స్కోరు 50 శాతం లోపు. విడుదల రోజున థియేటర్ల దగ్గరే ప్రేక్షకుల్ని అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ సంస్థ లెక్కలో మాత్రం 'ఏ'.

ప్రేక్షకులకు నచ్చిందా లేదా అన్న ప్రశ్నకు ఒకే రోజుల్లో రెండు వ్యతిరేక జవాబులు వచ్చాయంటే, అడిగిన పద్ధతిలో తేడా ఉందన్నమాట. సినిమాస్కోర్ వాళ్లు ఎంపిక చేసిన థియేటర్లలో, సినిమా చూసినవాళ్ల చేతికి కార్డు ఇస్తారు. మామూలుగా ఇంటికెళ్లి మర్చిపోయేవాడి అభిప్రాయమూ అందులో నమోదవుతుంది. అయితే మొదటి రోజే వచ్చేవాళ్లు సహజంగా అభిమానులు కాబట్టి ఆ గ్రేడు కొంచెం ఉదారంగానే ఉంటుంది. వెబ్‌సైట్‌లో ఓటు వేయాలంటే పనిగట్టుకుని వెళ్లాలి. బాగా నచ్చినవాళ్లు, బాగా కోపం వచ్చినవాళ్లే అంత శ్రమ తీసుకుంటారు. అప్పట్లో సినిమా చూశారా లేదా అన్న తనిఖీ కూడా లేదు. ఒకరే పది ఖాతాలతో ఓటు వేయవచ్చు.

2019లో ఆ సైట్ రెండు మార్పులు చేసింది. విడుదలకు ముందే చూడాలని ఉందో లేదో చెప్పే శాతాన్ని తీసేసింది. మే నెల నుంచి, టికెట్ కొన్నట్టు రుజువైన ప్రేక్షకుల స్కోరును వేరుగా చూపించడం మొదలుపెట్టింది. 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైకుల సంఖ్యను అందరికీ కనిపించకుండా చేసింది. మన దేశంలోనూ కొత్త సినిమాల మీద కావాలని చెడ్డ రివ్యూలు రాయిస్తున్నారన్న ఫిర్యాదు 2023లో కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. తెలుగులో ఒక పెద్ద హీరో సినిమా విడుదలైన ఉదయమే, సినిమా పూర్తయ్యే సమయం కూడా కాకముందే, టికెట్ బుకింగ్ యాప్‌లో రేటింగులు ఎటో ఒకవైపు కుమ్మరించినట్టు పడటం అందరూ చూస్తున్నదే. అలాంటి అంకెను చూసి సినిమా గురించి ఏమీ చెప్పలేం. అభిమాన సంఘాలు ఎంత చురుగ్గా ఉన్నాయో మాత్రం చెప్పవచ్చు.

## సరిదిద్దితే గొడవ ఆగుతుందా?

ఆగిన సందర్భం ఒకటుంది. 2019 ఏప్రిల్ చివర్లో వచ్చిన 'సోనిక్' ట్రైలర్‌లో వీడియో గేమ్ పాత్రకు మనిషి పళ్లలాంటి పళ్లు, చిన్న కళ్లు పెట్టారు. జనం గగ్గోలు పెట్టారు. దర్శకుడు వెంటనే రూపం మారుస్తామని చెప్పి, విడుదలను నవంబరు నుంచి 2020 ఫిబ్రవరికి వాయిదా వేశారు. సినిమా హిట్టయింది, సీక్వెళ్లూ వచ్చాయి. అక్కడ ఫిర్యాదు ఒకే ఒక్క విషయం మీద, అది కంటికి కనిపించే విషయం, పైగా సినిమా ఇంకా బయటికి రాలేదు.

కథ విషయంలో ఇలా కుదరదు. 'డెక్స్‌టర్' సిరీస్ 2013లో హీరో అడవిలో కట్టెలు కొట్టుకుంటూ మిగిలిపోయినట్టు ముగిసి విమర్శల పాలైంది. దాన్ని సరిదిద్దడానికి 2021లో కొత్త సిరీస్ తెచ్చి, 2022 జనవరిలో కొడుకు చేతిలో అతను తుపాకీ గుండు తిన్నట్టు ముగించారు. ఆ ముగింపు మీద మళ్లీ గొడవ. 2025లో వచ్చిన మరో సిరీస్‌లో అతను బతికే ఉన్నాడు. ఇలా ప్రతి సవరణా పాత ముగింపు బరువును ఇంకొంచెం తగ్గిస్తుంది. మరణం కూడా ఖాయం కాదని తెలిశాక తర్వాతి మరణానికి ఎవరూ కదిలిపోరు.

## కార్తీకదీపం లెక్క వేరు

పై ఉదాహరణలన్నిటిలో ముగింపు అనేది ఒకటి ఉంది. తెలుగు డైలీ సీరియల్‌కు చాలాసార్లు అదే ఉండదు.

స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైన 'కార్తీకదీపం' మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'కు రీమేక్. నల్లగా ఉన్న దీప, ఆమెను ప్రేమించి పెళ్లి చేసుకుని ఆ తర్వాత అనుమానించిన డాక్టర్ కార్తీక్, కవల ఆడపిల్లలు, మధ్యలో కుట్రలు పన్నే మోనిత. అనుమానం తీరడమే కథకు అసలు ముగింపు. కానీ సీరియల్‌ను నడిపిస్తున్నది కూడా ఆ అనుమానమే. డాక్టరై ఉండి ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే సరిపోయేదానికి ఇన్నేళ్లు లాగుతారా అని ఇంటింటా అడిగారు, సోషల్ మీడియాలో మీమ్స్ వేశారు. అలా అడిగినవాళ్లే మర్నాడు టీవీ పెట్టారు.

ఇది వీక్షకుల అమాయకత్వమూ కాదు, రచయితల బద్ధకమూ కాదు. డైలీ సీరియల్ భవిష్యత్తును నిర్ణయించేది ఏ చానల్‌ను ఎందరు చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ వారం వారం ఇచ్చే రేటింగులు. ప్రసారానికీ షూటింగుకూ మధ్య ఎక్కువ రోజుల ఎడం ఉండదు. రేటింగు బాగున్నంత కాలం చిక్కుముడి విప్పడం అంటే సొంత ఆదాయాన్ని ఆపుకోవడమే. రేటింగు పడిపోతే రాత్రికి రాత్రి మలుపు తిప్పాలి. 2022లో కార్తీక్, దీప ప్రమాదంలో చనిపోయినట్టు చూపి, పెద్దవాళ్లైన పిల్లలతో కథ కొత్తగా మొదలుపెట్టారు. ఒక రకంగా అది సీరియల్ లోపలే జరిగిన రీబూట్. డాక్టర్ బాబు, వంటలక్క లేని కార్తీకదీపాన్ని జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే ఆ జంటను వెనక్కి తెచ్చారు. 1500కు పైగా ఎపిసోడ్ల తర్వాత 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. 2024 మార్చిలో అదే పేరుకు 2 తగిలించి, అదే జంటతో, అవే పాత్రల పేర్లతో వేరే కథ మొదలైంది.

హాలీవుడ్ సంస్థలు ఏళ్ల తరబడి సర్వేలు చేసి తెలుసుకునే విషయాన్ని ఈ సీరియల్ కొన్ని నెలల్లో బయటపెట్టింది. ప్రేక్షకుల్ని పట్టి ఉంచింది ఆ ఇద్దరి మధ్య బంధం. కథ తర్కం తప్పినా క్షమించారు. ఆ ఇద్దరినీ తీసేస్తే క్షమించలేదు.

తెలుగు సినిమా సీక్వెళ్ల దారి ఇంకోటి. చాలాకాలం మన సీక్వెల్ అంటే హీరో, టైటిలు, ఒక్కోసారి పాత్ర పేరు మాత్రమే కొనసాగేవి. 2004 నాటి 'ఆర్య'కూ, 2009 నాటి 'ఆర్య 2'కూ కథలో సంబంధం లేదు. కాబట్టి వాదన హీరో ఎలా చేశాడన్న దగ్గరే తిరిగేది. 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగాక పరిస్థితి మారింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న దాని మీద 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా రకరకాల ఊహలు నడిచాయి. ఇంత నిరీక్షణ తర్వాత వచ్చిన జవాబు, రాజమాత శివగామి ఆజ్ఞ, ఏ అభిమాని ఊహకూ అందనిదేమీ కాదు. అయినా అది నిలబడింది. కారణం, సింహాసనానికి తన వంశం బానిసత్వం చేస్తుందన్న కట్టప్ప మాట మొదటి భాగంలోనే గట్టిగా పడింది. రెండో భాగం సగం సమయాన్ని ఆ ఆజ్ఞ ఎలా పుట్టిందో చూపించడానికే ఖర్చుపెట్టారు. జవాబు ఆశ్చర్యపరచకపోయినా, దారి పూర్తిగా చూపిస్తే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగువాళ్లకు అక్కర్లేదు.

ఆ విజయం తర్వాత రెండు భాగాలు మామూలైపోయాయి. వాటిలో కొన్ని ఒకే సినిమాగా మొదలై మధ్యలో రెండుగా చీలినవి. 'పుష్ప'ను కూడా అలాగే షూటింగ్ దశలో రెండు భాగాలు చేశారు. రెండో భాగం చివర మూడో దానికి సూచన వదిలారు. ఒక సినిమాకు రాసుకున్న మధ్యభాగాన్ని ముగింపుగా మార్చినప్పుడు, థియేటర్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకుడి చేతిలో సగం కథే ఉంటుంది. మిగతా సగం ఎప్పుడొస్తుందన్నది హీరో డేట్ల మీద ఆధారపడుతుంది.

## ముందున్నవి

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగింపు పాడుచేసిందని అన్నవాళ్లలో చాలామంది 2022 ఆగస్టులో, దానికి ముందు తరాల కథ చెప్పే 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్'కు తిరిగి వచ్చారు. తొలి ఎపిసోడ్‌ను అమెరికాలో ఒక్క రాత్రిలోనే దాదాపు కోటి మంది చూశారు. ఈసారి మార్టిన్ పుస్తకంలో కథ చివరిదాకా రాసి ఉండటం సంస్థకు పెద్ద ధీమా. పిటిషన్ల వల్ల పాత సీజన్ మారలేదు గానీ, ముగింపు తెలిసిన కథల్నే ఎంచుకోవాలన్న జాగ్రత్త నిర్మాతల్లో పెరిగింది. ఎపిసోడ్లు ఎన్నో ముందే చెప్పి ఒకే సీజన్‌తో ముగించే సిరీసులూ ఎక్కువయ్యాయి.

నటుల వయసు సమస్య మాత్రం అలాగే ఉంది. 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో ప్రధాన కథ గడిచింది 1983 నుంచి 1987 దాకా నాలుగేళ్లు. తెర మీదికి పూర్తిగా రావడానికి 2016 నుంచి 2025 చివరిదాకా పట్టింది. బడి పిల్లలుగా మొదలైన నటులు ఇరవైలు దాటారు. ఇప్పుడు హెచ్‌బీఓ చేతిలో 'హ్యారీ పోటర్' ఉంది. 2001 నుంచి 2011 దాకా ఎనిమిది సినిమాలుగా వచ్చిన ఆ ఏడు నవలల్ని సిరీస్‌గా మళ్లీ తీస్తామని 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు. ముగింపు రాసి ఉంది, రచయిత్రి బతికే ఉన్నారు, ప్రతి సన్నివేశమూ అభిమానులకు కంఠతా వచ్చు. కాబట్టి ఇక్కడ వాదన ముగింపు గురించి ఉండకపోవచ్చు. పాత్రధారుల ఎంపిక మీద అది ఇప్పటికే మొదలైంది. కథలో ఒక్కో నవలకు ఒక్కో విద్యాసంవత్సరం. ఒక్కో సీజన్‌కు రెండేళ్లు పడితే, పదకొండేళ్ల పాత్రతో మొదలైన పిల్లవాడు ఏడో సీజన్‌కు ఇరవై మూడేళ్లవాడవుతాడు.